కొబ్బరికాయకు ఒక పూట... కార్డుకు ఎన్నాళ్లు?

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’.

ఈ బోర్డు చదవకుండా మనలో ఎవరమూ పెద్దవాళ్లం కాలేదు. బట్టల కొట్టులో, చెప్పుల దుకాణంలో, గాజుల షాపులో దేవుడి పటం పక్కనే ఉంటుంది. ‘తీసుకోబడదు’ అన్న మాటలోనే ఓ తమాషా ఉంది. తీసుకోనని ఎవరూ అనడం లేదు. అదేదో దానంతటదే తీసుకోబడదు! గట్టిగా అడిగితే సేటు కూడా బోర్డు వైపే వేలు చూపిస్తాడు, అది తాను రాయించింది కానట్టు.

మోస్రాలో మా బాపు కిరాణం కొట్టుకు ఆ బోర్డు లేదు. ఆయనేదో ధర్మాత్ముడని కాదు. కొట్టులో కొబ్బరికాయలు అమ్మేవాడు, అదీ సంగతి. కొబ్బరికాయ చిత్రమైన సరుకు. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాం, వేలి కణుపుతో కొట్టి చూస్తాం, కళ్లు తడిగా ఉన్నాయేమోనని వేలు పెట్టి చూస్తాం. ఎంత చూసినా లోపల ఏముందో పగలగొట్టేదాకా తెలియదు. పగలగొట్టాక అది మళ్లీ కాయ కాదు. శనివారం పొద్దున హనుమాండ్ల గుడి దగ్గర కొట్టిన కాయ కుళ్లిపోయి ఉంటే, ఆ మనిషి రెండు చిప్పలూ పట్టుకుని ముఖం చిన్నబుచ్చుకుని మా కొట్టుకొచ్చేవాడు. బాపు చిప్పలు అందుకుని, వాసన చూసి, మారు మాట్లాడకుండా ఇంకో కాయ చేతిలో పెట్టేవాడు. షరతులు రెండే. చిప్పలు రెండూ తేవాలి. ఆ పూటే తేవాలి.

“రేపు తెస్తే, నేనిచ్చిందే కుళ్లిందో, వాళ్లింట్ల పెట్టంగ కుళ్లిందో నాకెట్ల తెలుస్తది?” అనేవాడు.

అంగట్లో బర్రెను కొనేవాళ్లది ఇంకో లెక్క. ‘పూటకు నాలుగు లీటర్లు’ అని అమ్మేవాడు ఒట్టు పెట్టినా నమ్మరు. ఒక పూట పిండకుండా ఆపితే ఏ బర్రె పొదుగైనా నిండుగానే కనిపిస్తుంది. అందుకని రెండు మూడు పూటలు దగ్గరుండి పిండించి చూశాకే పైసలు లెక్కపెడతారు. పుచ్చకాయల బండివాడైతే కత్తితో చిన్న ముక్క కోసి ఎరుపు చూపించేస్తాడు. అక్కడితో వాడి పూచీ తీరిపోతుంది. సరుకు తన లోపం బయటపెట్టడానికి ఎంతసేపు పడుతుందో, అమ్మినవాడి పూచీ అంతసేపు. ఎవరూ కాగితం మీద రాయకపోయినా ఊళ్లో అందరికీ తెలిసిన లెక్క ఇది.

పోయిన వేసవిలో మా ఇంట్లో ఈ లెక్కకు లొంగని సరుకు ఒకటి బయటపడింది. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవున్న ఒక అట్టముక్క.

పిల్లలున్న ఇళ్లకు పోకేమాన్ కార్డుల గురించి చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం నాలుగు మాటలు. మా చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో పాటు క్రికెటర్ల బొమ్మలొచ్చేవి. ఆ తర్వాత కుస్తీ వీరుల ట్రంప్ కార్డులొచ్చాయి. అండర్‌టేకర్ ఎత్తెంత, హల్క్ హోగన్ బరువెంత అని అప్పజెప్పిన పిల్లలే లెక్కల ఎక్కాలు మాత్రం మరిచిపోయేవారు. ఆ కార్డులు ఆడుకుంటే ఆట, చిరిగితే చెత్త. ఇప్పటివి అలా కాదు. జపాన్‌లో 1996లో మొదలైన ఈ పోకేమాన్ కార్డులు సీలు వేసిన ప్యాకెట్లలో వస్తాయి. లోపల ఏమున్నాయో విప్పేదాకా తెలియదు. మామూలు కార్డులే ఎక్కువ, అరుదైన మెరుపు కార్డు ఎప్పుడో ఒకటి. ఆ అరుదైనవాటిని విడిగా అమ్మే దుకాణాలున్నాయి. మూల కాస్త నలిగితే ధర పడిపోతుంది. జాతర్లలో, బడి ముందు కొట్లలో బంగారు రంగు ప్లాస్టిక్ కార్డుల ప్యాకెట్లు దొరుకుతాయే, అవి నకిలీవి. ఆ సంగతి పిల్లలకూ తెలుసు.

సీలు వేసిన ప్యాకెట్ అంటే కొబ్బరికాయే కదా! అమెరికాలో లోగన్ పాల్ అనే యూట్యూబర్ సీలు విప్పని పాత పోకేమాన్ పెట్టె అనుకుని 35 లక్షల డాలర్లు పోసి ఒకటి కొన్నాడు. 2022 జనవరిలో కెమెరా ముందు విప్పితే లోపల ఉన్నవి జి.ఐ. జో అనే వేరే బొమ్మల కార్డులు. ఆ పెట్టె అసలుదేనని అంతకు ముందు ధ్రువీకరించినవాళ్లు కూడా ఆ సమయానికి పక్కనే ఉన్నారు. అంత ఖరీదైన కుళ్లు కొబ్బరికాయను మా బాపు చూసి ఉంటే ఏమనేవాడో!

మావాడి కథ అంత పెద్దది కాదు. మా అక్క కొడుకు నిజామాబాద్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. దసరాకు ఇంటింటికీ తిరిగి పెద్దల చేతిలో జమ్మి పెట్టి సంపాదించిన డబ్బు, పుట్టినరోజుకు తాతమ్మ ఇచ్చిన డబ్బు, రెండేళ్లపాటు కూడబెట్టాడు. దీపావళి ముందు హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక దుకాణంలో చారిజార్డ్ అనే నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ కార్డు కొన్నాడు. 4,200 రూపాయలు. దానికో ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగుకో డబ్బా. మా అక్క తన నగలను కూడా అంత భద్రంగా పెట్టుకోదు.

మే నెలలో డాలస్ నుంచి మా చిన్నాయన మనవడు సెలవులకు వచ్చాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు. మావాడు గొప్పగా డబ్బా తెరిచి చూపించాడు. ఆ పిల్లవాడు కార్డును వెనక్కి తిప్పి చూశాడు, ముందుకు తిప్పి చూశాడు. తర్వాత ఫోన్ టార్చి వెలిగించి కార్డు వెనక పెట్టాడు. వెలుతురు ఇవతలికి దూసుకొచ్చింది. తన ఆల్బమ్‌లోంచి ఇంకో కార్డు తీసి అదే పని చేశాడు. అంత రాలేదు. అసలు కార్డు అట్ట మధ్యలో సన్నటి నల్లపొర ఒకటి ఉంటుందట. వెనకవైపు నీలం రంగు తేడా, అక్షరాల మందం తేడా... ఒక్కొక్కటే చూపించాడు. ఏ ఒక్కటీ పూర్తి రుజువు కాకపోవచ్చుగానీ, అన్నీ ఒకే మాట చెబుతుంటే ఇంక అనుమానమేముంది? మావాడు ఏడవలేదు. కార్డును మళ్లీ తొడుగులో పెట్టి, తొడుగును డబ్బాలో పెట్టి, మూత వేసి కూర్చున్నాడు. ఏడ్చినా బాగుండేది.

బిల్లు దాచాడు, అది మెచ్చుకోవాలి. కార్డు పేరు, పక్కన చేతిరాతతో ‘ఒరిజినల్’, ధర. అడుగున అచ్చులో: ‘మార్పిడి 7 రోజుల్లో మాత్రమే’. కొని అప్పటికి ఏడు నెలలు.

“నాలుగు వేలు వెట్టి అట్టముక్క కొన్నడు. గది అసలుదైతే ఏంది, నకలుదైతే ఏంది?” అని మా అక్క. ఆవిడ న్యాయం ఆవిడది.

బావ మాత్రం పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అంతా విన్నాడు. “ఇత్తనాల దుకాణపోడు ఏడు దినాలే అంటే ఊకుంటమా?” అన్నాడు.

నాకు అప్పుడు తట్టింది. మా నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లలో వానాకాలం ముందు వ్యవసాయాధికారులు చెప్పే మాట ఒకటుంది. విత్తనాలు కొన్న బిల్లు, సంచి, దానికి కుట్టిన ట్యాగు పంట చేతికొచ్చేదాకా దాచుకోండి అని. మొలక రాకపోతే వారం పది రోజుల్లో తెలుస్తుంది. రకమే వేరైతే? కంకి వేసేదాకా తెలియదు. అందుకే పూచీ పంటకాలమంతా. మన ఆంధ్రప్రదేశ్ రైతులదే ఒక కేసు జాతీయ విత్తన సంస్థ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2012 జనవరిలో తీర్పు రైతులవైపు వచ్చింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని కోర్టు స్పష్టం చేసింది. ఆ విత్తనాలను పరీక్షకు పంపలేదు కదా అని సంస్థ అడ్డుపుల్ల వేస్తే, రైతు కొన్నదంతా పొలంలో చల్లుకుంటాడు, పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని ఎలా అనుకుంటామన్నది కోర్టు చెప్పిన సమాధానం. వాడితేనే లోపం తెలిసే సరుకును, వాడేశావు కదా అని కొట్టిపారేయడం కుదరదు. మా బాపు చిప్పలు తెమ్మన్నాడేగానీ, కాయ ఎందుకు పగలగొట్టావని ఎవర్నీ అడగలేదు.

బిల్లులో ఏడు రోజులని ఉంటే చట్టం ఏమంటుంది? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. అంటే మన బోర్డుకు చట్టంలో చోటు లేదు. అయితే బిల్లులో రాసుకున్న గడువుకు విలువుంది కాబట్టి, ఇది చదివి అమ్మేవాళ్లు మురిసిపోవచ్చు. తొందరపడొద్దు. కాని దాన్ని అసలుదని చెప్పి అమ్మడం అదే చట్టంలో వేరే సంగతి. దానికి నకిలీ సరుకని పేరుంది, అమ్మితే శిక్ష కూడా ఉంది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. పైగా హైదరాబాద్‌లో కొన్నా, మనం ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు విలువైనదానికి ఫీజు లేదు. వేయడానికి ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగొచ్చు.

కోర్టు మెట్లు ఎక్కే ముందు మనిషి ముఖం చూడాలన్నది మా ఇంటి పద్ధతి. జూన్‌లో మావాడిని వెంటబెట్టుకుని ఆ దుకాణానికి వెళ్లాను. దుకాణం పేరు ఎందుకులెండి, ఆ కుర్రాడు చెడ్డవాడిలా లేడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. కార్డు చూడగానే అతని ముఖం మారింది. కానీ నోటివెంట వచ్చింది మాత్రం బిల్లు మాటే.

“ఏడు రోజులని రాశాం కదా సార్.”

“ఏడు రోజుల్లో ఇది నకిలీదని వీడికి ఎలా తెలుస్తుంది? ఏడేళ్ల నుంచి వ్యాపారం చేస్తున్న మీకే తెలియలేదంటున్నారు.”

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన బాధ చెప్పుకొచ్చాడు. వినదగ్గ బాధే. కొందరు అసలు కార్డు కొనుక్కెళ్లి నకిలీది తెచ్చి డబ్బులడుగుతారట. కొందరు ధర ఎక్కువున్నప్పుడు కొని, పడిపోగానే మూల నలిగిందని వస్తారట. తాను ముంబయి నుంచి తెప్పించుకుంటే వాళ్లూ ఏడు రోజులే అంటారట. “నేనిచ్చింది ఇదే కార్డని రుజువేంటి సార్?” అన్నాడు. మా బాపు ప్రశ్నే! నీ ఇంట్లో కుళ్లిందా, నా కొట్టులో కుళ్లిందా?

దానికి మావాడి దగ్గర జవాబుంది. కొన్న రోజు ఆ దుకాణం బల్ల మీదే పెట్టి ఫొటో తీసి స్నేహితులకు పంపాడు. కింద ఎడమ మూలన సూదిమొనంత తెల్లచుక్క ఫొటోలోనూ ఉంది, చేతిలోని కార్డు మీదా ఉంది. కుర్రాడు ఫోన్‌లో పెద్దది చేసి చూశాడు, కార్డు చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు.

“సరే సార్. మూడు వేలు ఇస్తా. ఏడు నెలలు వాడుకున్నాడు కదా.”

ఈ మాట దగ్గర నేను ఒప్పుకోలేకపోయాను. చొక్కా ఏడు నెలలు తొడిగితే అరుగుతుంది, తగ్గించుకో అంటే అర్థముంది. ఇక్కడ వాడుకున్నదేమిటి? అతను ఇస్తానన్న వస్తువు వీడి చేతికి ఏ రోజూ రాలేదు. వీడు ఏడు నెలలు దాచుకున్నది వేరే ఏదో. ఆ మాటే అన్నాను. నిజామాబాద్ కమిషన్ గురించి కూడా చెప్పాను. కుర్రాడు కోపం తెచ్చుకోలేదుగానీ, “అయితే ఎప్పటిదాకా సార్ పూచీ? జీవితాంతమా?” అని అడిగాడు.

మావాడు నా చొక్కా లాగాడు. “చాలు మామా, తీసుకుందాం.” డబ్బు వాడిది, నిర్ణయం వాడిది. మూడు వేలు తీసుకుని కార్డు ఇచ్చేశాం. ఇచ్చే ముందు, “అన్నా, దీన్ని మళ్లీ అమ్మరు కదా?” అని అడిగాడు వాడు. కుర్రాడు నల్ల స్కెచ్ పెన్ను తీసుకుని డ్రాగన్ బొమ్మ మీద అడ్డంగా ‘ఫేక్’ అని రాశాడు. గిరాకీలకు తేడా చూపించడానికి పనికొస్తుందన్నాడు. ఆ రాత పడుతున్నప్పుడు మావాడు పక్కకు చూశాడు.

బస్సులో వస్తున్నంతసేపూ నాకు ఆ ప్రశ్నే. జీవితాంతమా?

కార్డుల లోకంలో అన్నిటికన్నా పేరున్నది హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు. ఒక అమెరికన్ పొగాకు కంపెనీ 1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెల్లో పెట్టి పంచింది. వాటిలో బాగా మెరుగ్గా ఉన్న ఒకదాన్ని 1991లో ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ, మరొకరితో కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు వేలంలో కొన్నాడు. కార్డులకు మార్కులు వేసే సంస్థ దానికి పదికి ఎనిమిది వేసింది. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికింది. తీరా 2013లో, దాన్ని మొదట్లో అమ్మిన వ్యాపారి బిల్ మాస్ట్రో, అంచులు కత్తిరించి కొత్తదానిలా చేశానని కోర్టు ముందు ఒప్పుకున్నాడు. గ్రెట్స్కీ కొన్నాక 22 ఏళ్లకు! ఈలోపు ఎన్ని చేతులు మారిందో. ఎవరు ఎవరికి వాపసివ్వాలి?

అందుకే సోత్‌బీస్, క్రిస్టీస్ లాంటి పెద్ద వేలం సంస్థలు తాము అమ్మినవాటి అసలుదనానికి అయిదేళ్లు పూచీ పడతాయి. అదీ తమ దగ్గర కొన్నవాళ్లకే, వాళ్ల దగ్గర కొన్నవాళ్లకు కాదు. వస్తువు ఇచ్చినట్టే తిరిగి రావాలి. చిప్పలు రెండూ తేవాలన్నమాట. కోట్ల వ్యాపారానికి అయిదేళ్లు సాగుతుంటే, బల్ల మీద అమ్మే కార్డుకు ఏడు రోజులేమిటి?

అలాగని అన్నిటికీ ఒకటే గడువు అడగడమూ న్యాయం కాదు. ప్యాకెట్ విప్పాక మంచి కార్డు రాలేదని వెనక్కిస్తానంటే ఒక్క గంట కూడా ఇవ్వక్కర్లేదు. తెలియకపోవడానికే కదా డబ్బు కట్టింది. కొన్నాక ధర పడిపోతే అది కొన్నవాడి ఖర్మ. పసుపు రేటు పడిపోయిందని వ్యాపారి రైతు దగ్గరికి వచ్చి డబ్బు వెనక్కి అడుగుతాడా? మూల నలిగిందా, గీత పడిందా అన్నది కళ్లతో చూసుకునేది. బల్ల దగ్గరే చూసుకోవాలి, పార్శిల్‌లో వస్తే రెండు మూడు రోజులు చాలు. వీటికి ఏడు రోజులు ఎక్కువే. కుర్రాడి భయాలన్నీ కూడా వీటి గురించే.

నకిలీ మాత్రం వేరు. అది ఎండకు చెడేది కాదు, వాడితే వచ్చేది కాదు. అమ్మిన రోజు నకిలీదే, ఇరవై ఏళ్లకూ నకిలీదే. నా మట్టుకు నాకు, చట్టం ఫిర్యాదుకు ఇచ్చిన ఆ రెండేళ్లనూ దుకాణం తనంతట తానే బిల్లు మీద అచ్చేయించాలి. బదులుగా కొన్నవాడు బిల్లు చూపాలి, అమ్మేటప్పుడు ఇద్దరి ఎదుటా తీసిన ఫొటో చూపాలి. ఆ ఫొటో ఖర్చు సున్నా. మార్చి తెచ్చే దొంగాట కూడా దాంతో చాలావరకు ఆగుతుంది. ముంబయి వాడితో కూడా ఇదే షరతు రాయించుకోవాల్సింది దుకాణదారే. పద్నాలుగేళ్ల పిల్లవాడు ముంబయిని వెతుక్కుంటూ పోలేడు. ఇక తెలిసి అమ్మినవాడికి గడువు అడిగే హక్కే లేదు. మోసం దాగి ఉన్నంతకాలం దావా గడువు మొదలు కాదని 1963 నాటి కాలపరిమితి చట్టంలోనే ఉంది.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర బావకు వివరిస్తుంటే మావాడు కంచం ముందు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

“మామా, బిల్లు ఇయ్యకుంటే ఎన్ని దినాలు?”

ఎందుకురా అంటే మెల్లగా బయటపెట్టాడు. ఆ దుకాణంలోనే కొన్న ఇంకో చిన్న కార్డును నిరుడు తన క్లాసువాడికి 300కు అమ్మాడట. డాలస్ పిల్లవాడు వెళ్లాక, వాడిని అడిగి టార్చి పెట్టి చూశాడట. వెలుతురు వచ్చిందట. అవతలి పిల్లవాడికి ఏమీ తెలియదు, ఇంకా పెన్సిల్ పెట్టెలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

మా అక్క, “నీకు తెల్వకనే అమ్మినవ్ కదరా,” అంది. బావ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు మూడు వేలలోంచి మూడు వందలు లెక్కపెట్టుకుని బడికి వెళ్లాడు. సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు.

“వాడు కార్డు ఇయ్యనన్నడు మామా. నకిలీదని చెప్పిన. టార్చి పెట్టి గూడ చూపించిన. పైసలొద్దట, కార్డే కావాల్నట. వాళ్ల తమ్మునికి అదంటే మస్తు ఇష్టమట.”

“మరి నువ్వేం చేసినవ్?”

“దాని మీద ఫేక్ అని రాయనియ్యిరా అన్న. కొడుతనన్నడు.”

ఆ మూడు వందలు ఇంకా వాడి కంపాస్ పెట్టెలోనే ఉన్నాయి.